ట్యాంకులోకి మనిషి దిగకుండా...

పాలగిన్నె తోమడం మిగతా గిన్నెలు తోమినంత తేలిక కాదు. ఈ సంగతి ఇంట్లో అంట్లు తోమేవాళ్లందరికీ తెలుసు. చారుగిన్నె అయితే రెండు నీళ్లు పోసి తిప్పేస్తే చాలు. పాలగిన్నె అలా లొంగదు. అడుగున మీగడ జిడ్డు, అంచుల వెంట ఎండిన పొర, కాస్త ఏమరుపాటుగా ఉంటే మాడు. ఇవేవీ పూర్తిగా వదలకపోతే మర్నాడు కాచిన పాలు విరిగి కూర్చుంటాయి.

అందుకే వెనకటి రోజుల్లో ఇత్తడి పాలచెంబుని ముందు బూడిదతో రుద్దేవారు. తర్వాత చింతపండు. ఆ తర్వాత సలసల కాగే నీళ్లు. చివరికి ఎండలో బోర్లించడం. ఈ వరసలో బోలెడు రసాయనశాస్త్రం ఉంది. కట్టెల బూడిద క్షారం, జిడ్డుని వదలగొడుతుంది. చింతపండు ఆమ్లం, మొండి గార సంగతి చూస్తుంది. మిగిలిన సూక్ష్మజీవుల పని వేడినీళ్లూ ఎండా పడతాయి.

ఇప్పుడు ఆ చెంబు స్థానంలో 20,000 లీటర్ల స్టీలు ట్యాంకుని ఊహించుకోండి. డాబా ఇంటికన్నా ఎత్తు. పొద్దున ఖాళీ అయింది, మధ్యాహ్నానికి మళ్లీ పాలు రావాలి. మధ్యలో దాన్ని ఎవరు తోముతారు? ఏ మందు ఎంత కలపాలో ఎవరు చూస్తారు?

నాకైతే ఈ ప్రశ్న మా బావ వల్ల వచ్చింది. అక్కావాళ్లాయన ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరు. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డు తీసుకుని, ఫ్యాక్టరీల ట్యాంకులు కడగడానికి మందులు వాటంతటవే కలిసే ఏర్పాటు చేసిపెడుతుంటాడు. పండక్కి ఇంటికొచ్చినా భోజనాల దగ్గర కాస్టిక్, యాసిడ్, పంపు అంటూనే ఉంటాడు. “కడగడం గురించి ఇంత మాట్లాడాలా బావా?” అని ఆటపట్టిస్తే, “చూడకుండా మాట్లాడకమ్మాయ్. ఒకసారి రా, చూపిస్తా” అన్నాడు. అలా కోస్తాలో ఓ డెయిరీకి వెళ్లాను. పేరు వద్దులెండి. ఆ తర్వాత నాలుగు నెలల్లో మూడుసార్లు వెళ్లాను.

వేళ్లతో చూసిన ఘాటు

మొదటిసారి వెళ్లినప్పుడు నన్ను ఆపేసింది యంత్రం కాదు, ఒక పెద్దాయన. 24 ఏళ్లుగా అక్కడ ట్యాంకులు కడుగుతున్నాడు. కాస్టిక్ సోడా పలుకుల్ని బకెట్లో కలపడం, నిచ్చెనెక్కి పైనున్న మూతలోంచి పోయడం, పొడుగు కర్ర బ్రష్‌తో రుద్దడం, బ్రష్ అందని చోటుంటే లోపలికి దిగడం... ఇదీ ఆయన ఉద్యోగం.

“ఘాటు సరిపోయిందని ఎలా తెలిసేది?” అని అడిగాను.

“వేళ్లతోనమ్మా. బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్దితే సబ్బులాగా జారాలి. జారిందంటే సరిపోయినట్టే” అన్నాడు, అదేదో వంటలో చిట్కా చెప్పినంత మామూలుగా.

ఆ జారుడు ఎక్కణ్నుంచి వస్తుందో బావ తర్వాత చెప్పాడు. కాస్టిక్ సోడా తగిలినప్పుడు మన చర్మం మీదున్న నూనే సబ్బుగా మారుతుంది. అంటే ఆ పెద్దాయన ఇన్నేళ్లూ తన చర్మాన్నే కొలమానంగా వాడాడన్నమాట. ఆయన వేళ్లు చూశాను. నున్నగా, గీతల్లేకుండా ఉన్నాయి. “రేషన్ షాపులో మిషను మీద వేలు పెడితే పడదమ్మా. మా ఆవిడే పోయి తెస్తది” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బకెట్టు కన్నా పెద్ద ప్రమాదం ‘లోపలికి దిగడం’. 2023 ఫిబ్రవరి 9న కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి.రాగంపేటలో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వంటనూనెల ఫ్యాక్టరీలో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన కార్మికులు ఏడుగురు ఊపిరాడక చనిపోయారు. అది పాల ట్యాంకు కాదు, కానీ కథ ఒక్కటే. మూసిన ట్యాంకులో అడుగున మడ్డి కుళ్లుతుంటే అందులోని సూక్ష్మజీవులు గాల్లోని ఆక్సిజన్‌ని వాడేసుకుంటాయి. విషవాయువులు పుట్టే అవకాశమూ ఉంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది. 19.5 శాతం కన్నా తగ్గితేనే లోపలికి దిగకూడదని భద్రతా నియమాలు చెబుతాయి. బాగా తగ్గితే మనిషి అరిచే వ్యవధి కూడా లేకుండా కూలిపోతాడు. పైనున్నవాడు అతన్ని లాగుదామని దిగుతాడు. అతనూ పడిపోతాడు. మూసిన ట్యాంకుల్లో ఒకరి వెనక ఒకరు ప్రాణాలు పోగొట్టుకోవడానికి తరచూ కారణం ఈ మంచితనమే.

బావ తన డ్రాయింగుల మొదటి పేజీలో పెన్సిలుతో ఎప్పుడూ ఒకే మాట రాసుకుంటాడు... ‘మనిషి దిగకూడదు’. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

నాలుగు కాళ్ల పీట

పెద్ద ట్యాంకుల్ని విప్పకుండా, దిగకుండా, ఉన్నచోటే కడిగే పద్ధతికి డెయిరీల్లో ‘సీఐపీ’ అని పేరు. క్లీనింగ్ ఇన్ ప్లేస్ అన్నమాట. విదేశీ డెయిరీల్లో 1950ల నుంచీ ఇది ఊపందుకుంది. అంతకుముందు పాల గొట్టాల్ని రోజూ ముక్కలు ముక్కలుగా విప్పి, చేత్తో కడిగి, మళ్లీ బిగించేవాళ్లు.

ఏదైనా శుభ్రం కావాలంటే నాలుగు కావాలని జర్మనీలో హెన్కెల్ సంస్థ రసాయనశాస్త్రవేత్త హెర్బర్ట్ సినర్ 1959లో చెప్పాడు. మందు, వేడి, రాపిడి, సమయం. ఒకటి తగ్గితే ఇంకోటి పెంచాలి. మనకిది కొత్తేం కాదు. చన్నీళ్లయితే ఎక్కువసేపు రుద్దుతాం. సబ్బు తక్కువైతే పీచు గట్టిగా పట్టుకుంటాం. బావ దీన్ని నాలుగు కాళ్ల పీట అంటాడు. ఒక కాలు పొట్టిదైతే పీట ఊగుతుంది.

పాల ట్యాంకుకి ఈ పీట ఎలా వేస్తారంటే... ముందు గోరువెచ్చని నీళ్లతో మిగిలిన పాలు కడిగేస్తారు. మరీ వేడినీళ్లు పోస్తే పాలలోని ప్రొటీన్ గోడకి అంటుకుని ఉడికిపోతుంది. తర్వాత కాస్టిక్ సోడా ద్రావణం. ఒకటి నుంచి రెండు శాతం ఘాటు, 70 నుంచి 80 డిగ్రీల వేడి. ట్యాంకు పైభాగంలో చిల్లుల బంతి ఒకటి ఉంటుంది. దాంట్లోంచి ద్రావణం గోడలన్నిటి మీదా జల్లుగా పడుతుంది. మళ్లీ నీళ్లు. ఆ తర్వాత ఒక శాతం దాకా నైట్రిక్ యాసిడ్, 60 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. పాలలోని కాల్షియం గోడలకి పళ్ల గారలా పట్టుకుంటుంది. దాన్ని వదిలించేది యాసిడే. మళ్లీ నీళ్లు. చివరగా 85 డిగ్రీలు దాటిన వేడినీళ్లో, క్రిములు చంపే మందో.

కాస్టిక్ కన్నా ముందు యాసిడ్ పోస్తే? పాలలో నిమ్మకాయ పిండితే ఏమవుతుందో గోడల మీదా అదే అవుతుంది. బూడిద తర్వాతే చింతపండు అన్న వరస ఇక్కడా మారలేదు.

ఉప్పు చూసినట్టే

అసలు చిక్కు ‘ఎంత’ అన్న దగ్గరే. 2,000 లీటర్ల నీళ్లని ఒకటిన్నర శాతం కాస్టిక్ చేయాలంటే 30 కిలోల సోడా కావాలి. బజార్లో దొరికే 50 శాతం చిక్కటి ద్రావణమైతే దాదాపు 40 లీటర్లు. మొదటిసారికి ఈ లెక్క సరిపోతుంది. కానీ అవే నీళ్లని మళ్లీ మళ్లీ వాడతారు. ప్రతి కడుగుడుకీ కొంత సోడా జిడ్డుతో కలిసి ఖర్చవుతుంది, కొంత కడిగిన నీళ్లతో పోతుంది. ఇంకెంత మిగిలింది? కొత్తగా ఎంత కలపాలి? పెద్దాయన వేళ్లతో చూసింది ఇదే.

బావ యంత్రం వేళ్లకి బదులు కరెంటుతో చూస్తుంది. మంచినీళ్లలో కరెంటు అంతగా పారదు. కాస్టిక్ కలిస్తే బాగా పారుతుంది. ఘాటు పెరిగేకొద్దీ ఇంకా పారుతుంది. దీన్ని కండక్టివిటీ అంటారు. కుళాయి నీళ్లకి మీటరు మీద ఒకటి, అంతకన్నా తక్కువ చూపిస్తే, ఒక శాతం కాస్టిక్‌కి 25 డిగ్రీల దగ్గర సుమారు 50 చూపిస్తుంది. అంకె తగ్గితే చిన్న పంపు చిక్కటి సోడాని కాస్త వదులుతుంది. అంకె చాలగానే ఆగుతుంది.

“ఇంతేనా?” అన్నాను.

“ఇంతే అనుకునే చాలామంది చేతులు కాల్చుకున్నారు” అన్నాడు బావ.

మొదటి తిరకాసు, వేడి. నీళ్లు ఒక్కో డిగ్రీ వేడెక్కేకొద్దీ కండక్టివిటీ రెండు శాతం దాకా పెరుగుతుంది. 25 నుంచి 75 డిగ్రీలకు వెళ్లేసరికి అంకె దాదాపు రెట్టింపు. సోడా ఏమీ పెరగలేదు, వేడి పెరిగిందంతే. ఈ సంగతి యంత్రానికి నేర్పకపోతే, సగం ఘాటు చూసి ‘ఆహా సరిపోయింది’ అనుకుంటుంది. ట్యాంకు సగమే శుభ్రమవుతుంది. తెర మీద మాత్రం అంతా పచ్చ దీపాలే!

రెండోది, తొందర. ఇక్కడ పోసిన సోడా గొట్టాలన్నీ తిరిగి మీటరు దగ్గరికి రావడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా అంకె కదలదు. యంత్రం ఓపిక పట్టకపోతే ‘ఇంకా చాల్లేదు’ అనుకుంటూ పోస్తూనే ఉంటుంది. కొత్త కోడలు పులుసులో ఉప్పు వేసి, కలపకుండానే రుచి చూసి, మళ్లీ వేసినట్టు. అందుకే బావ దానికి రాసిన సూత్రం... కొంచెం పోయి, ఆగు, చూడు. మళ్లీ కొంచెం పోయి.

మూడోది, డబ్బా ఖాళీ అవడం. సోడా అయిపోయినా పంపు తిరుగుతూనే ఉంటుంది. పోసేది గాలి. ‘పంపు తిరిగింది కాబట్టి మందు పడింది’ అనుకునే యంత్రం మోసపోతుంది. అందుకని గొట్టంలో నిజంగా ఏదైనా కదులుతోందా లేదా చూసే పరికరం ఇంకొకటి. కరెంటు పోతే ఏ వాల్వు మూసుకోవాలి, ఏది తెరిచి ఉండాలి అన్నది ముందే రాసుకోవాలి.

తిరిగొచ్చిన నీళ్లు చెప్పేది

రెండోసారి వెళ్లినప్పుడు బావకీ డెయిరీ మేనేజరు గారికీ మధ్య పెద్ద వాదనే నడుస్తోంది. డ్రాయింగులో రెండు మీటర్లున్నాయి. ఒకటి ట్యాంకులోకి వెళ్లే గొట్టం మీద, రెండోది తిరిగొచ్చే గొట్టం మీద. “ఒకటి చాలదా అండీ? వెళ్లేది కరెక్టుగా ఉంటే వచ్చేదీ కరెక్టేగా!” అన్నారాయన. ఆయన అడిగింది అన్యాయమేం కాదు. ఖర్చు చూసుకోవాల్సిన కుర్చీ అది.

బావ ఓపిగ్గా చెప్పాడు. “సార్, వెళ్లేది చూస్తే మనం ఎంత వడ్డించామో తెలుస్తుంది. తిరిగొచ్చింది చూస్తే ట్యాంకు ఎంత తిన్నదో తెలుస్తుంది. ఒకటే పెట్టే పనైతే రెండోదే పెట్టండి, మొదటిది తీసేద్దాం.”

దాని విలువ కడిగే దశలో కన్నా ఆఖర్న తెలుస్తుంది. కాస్టిక్, యాసిడ్ పూర్తిగా పోయాయని ఎలా నమ్మాలి? తిరిగొచ్చే నీళ్ల అంకె, లోపలికి పంపిన మంచినీళ్ల అంకెతో సమానమవ్వాలి. అప్పటిదాకా కడుగుడు ఆగకూడదు. ‘పది నిమిషాలు కడిగితే చాలు’ అని గడియారాన్ని నమ్ముకుంటే, ఒక రోజు నీళ్ల వేగం తగ్గినా గడియారానికి తెలియదు. మర్నాడు ఆ ట్యాంకులోకి వచ్చేవి పసిపిల్లలు తాగే పాలు. ఈ మాట దగ్గర మేనేజరు గారు ఒక నిమిషం ఊరుకున్నారు. రెండు మీటర్లకీ సంతకం పెట్టారు.

ఇక అక్కడ కనిపించని జాగ్రత్తలు ఎన్నో. యాసిడ్ డబ్బా ఒక గదిలో, క్రిములు చంపే క్లోరిన్ మందు ఇంకో గదిలో. వాటి గొట్టాల మూతులు కూడా వేర్వేరు సైజులు. ఒకదాని మూతి ఇంకోదానికి పట్టదు. ఎందుకంటే ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. ఇది ఫ్యాక్టరీల వ్యవహారమే అనుకోకండి. బాత్రూములో టాయిలెట్ యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపి చల్లితే అదే వాయువు మన ఇంట్లోనే తయారవుతుంది. దయచేసి ఆ రెండూ ఎప్పుడూ కలపకండి.

ట్యాంకు పైన గాలి పోవడానికో గొట్టం ఉంటుంది. చూడ్డానికి ఎందుకూ పనికిరానట్టే ఉంటుంది. 80 డిగ్రీల వేడి కడుగుడు తర్వాత ఒక్కసారిగా చన్నీళ్లు పడితే లోపలి ఆవిరి గబుక్కున నీరైపోతుంది. లోపల ఖాళీ. ఆ గొట్టం మూసుకుపోయి ఉంటే బయటి గాలి ట్యాంకుని నొక్కేస్తుంది. గాలి బరువంటే తక్కువేం కాదు, చదరపు మీటరుకి దాదాపు 10 టన్నులు. స్టీలు ట్యాంకు ఖాళీ వాటర్ బాటిల్‌లా సొట్టలు పోతుంది. అందుకే గాలి గొట్టం తెరిచుందని తెలిస్తే తప్ప చన్నీళ్ల వాల్వు కదలకుండా కట్టేశాడు బావ. పై మూత తెరిచుంటే వేడి సోడా జల్లు మొదలే కాదు.

యంత్రానికి కనపడనిది

ఇంత చేశాక కూడా యంత్రానికి తెలిసేది నీళ్ల సంగతే, గోడ సంగతి కాదు. చిల్లుల బంతిలో నాలుగు చిల్లులు పూడుకుపోతే, పాలు కలిపే రెక్క వెనకాల ఒక చోట జల్లు పడదు. నీళ్లు మాత్రం సరైన ఘాటుతో తిరిగొస్తూనే ఉంటాయి. అలాగే జిడ్డుతో కలిసి సగం చచ్చిన సోడా కూడా కరెంటుని పారనిస్తుంది. మీటరు ‘బాగుంది’ అంటుంది, పని మాత్రం జరగదు.

అందుకే రోజుకోసారి నమూనా తీసి చేత్తో పరీక్షించాలి. ఇంటర్‌లో సైన్స్ చదివిన వాళ్లందరికీ గుర్తుండే పరీక్షే. ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే గులాబీ రంగు. యాసిడ్ చుక్కచుక్కగా వదులుతూ, ఎన్ని చుక్కలకి ఆ రంగు పోయిందో లెక్కపెట్టడం. ఇక గోడ సంగతికి ఇంకో చిత్రమైన సాధనం ఉంది. దూది పుల్లతో లోపలి వైపు తుడిచి ఒక ద్రవంలో ముంచుతారు. అందులో మిణుగురు పురుగుని వెలిగించే ఎంజైము ఉంటుంది. గోడ మీద పాల మడ్డి గానీ సూక్ష్మజీవులు గానీ మిగిలుంటే ఆ ద్రవం మినుకుమంటుంది. ఎంత వెలుగు వచ్చిందో చిన్న పరికరం అంకెల్లో చెబుతుంది. మన పొలం గట్ల మీది మిణుగురు డెయిరీలో ఇన్‌స్పెక్టరు అవుతుందని ఎవరనుకుంటారు!

మరి పెద్దాయన? నాకు మొదట్నుంచీ అదే బెంగ. యంత్రం వచ్చిందంటే మనిషి ఇంటికే కదా! ట్యాంకులు కడిగే నలుగురిలో ఇద్దర్ని ప్యాకింగ్‌కి మార్చారు. ఒకతను మానేసి వేరే పని చూసుకున్నాడు. పెద్దాయన్ని మాత్రం బావ పట్టుబట్టి ఈ చుక్కల పరీక్షకి పెట్టించాడు. “ఏ ట్యాంకులో ఏ మూల మడ్డి దాక్కుంటుందో ఆయనకి తెలిసినట్టు నా కంప్యూటరుకి తెలియదు” అన్నాడు. దూది పుల్ల ఎక్కడెక్కడ పెట్టాలో గీసిన బొమ్మ ఆయన చెప్పిందే. 24 ఏళ్ల చాకిరీలో పోగైన జ్ఞానం ఒక కాగితం మీదికెక్కింది. చేతులకి మందపాటి రబ్బరు తొడుగులు కూడా వచ్చాయి. వేలిముద్రలు వెనక్కి వస్తాయో రావో చెప్పలేను.

మూడోసారి వెళ్లేసరికి అంతా నడుస్తోంది. ఒక్క పని మిగిలింది. ట్యాంకు మూత పక్కన బోర్డు పెట్టాలి. కంపెనీ పంపిన బోర్డు ఇంగ్లిషులో ఉంది. ఎవరో కంప్యూటరులో తర్జుమా చేసిన తెలుగు కింద అతికించి ఉంది... ‘పరిమిత స్థల ప్రవేశ అనుమతి ఆవశ్యకము’. అక్కడున్న నలుగురినీ అడిగితే నలుగురూ తలా ఒక అర్థం చెప్పారు. “నువ్వు రాసేదానివేగా, రాయమ్మాయ్” అని బావ మార్కరు చేతికిచ్చాడు.

పెద్దాయన పక్కన కూర్చున్నాడు. కొత్తగా చేరిన కుర్రాడికి ఎలా చెబుతారో అలాగే చెప్పమన్నాను. ఆయన చెప్పాడు, నేను రాశాను. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లలో ఒకడు కింద ఒడియాలో రాశాడు. అరగంటలో బోర్డు తయారైంది.

‘లోపల గాలి ఉండదు. దిగొద్దు. లోపల మనిషి పడిపోయి కనపడినా నువ్వు దిగొద్దు. ముందు కేకెయ్యి.’